నష్టపరిహారం వేరు, రెండు శాతం వేరు

(కోనసీమ రైతుల శిక్షణా తరగతిలో చమురు, గ్యాసు కంపెనీల సామాజిక బాధ్యత చట్టంపై సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి ధాన్యం ధర గురించి విన్నారు, కొబ్బరికి పట్టిన తెల్లదోమ గురించి విన్నారు. ఇప్పుడు మేం చెప్పబోయేది కంపెనీల చట్టం. రైతుకి కంపెనీల చట్టంతో పనేమిటని కొందరు అప్పుడే టీ దుకాణం వైపు చూస్తున్నారు. ఒక్క అరగంట ఓపిక పట్టండి. మన చేల కింద గొట్టాలున్నాయి. మన ఊరి చివర బావులున్నాయి. మన తీరంలో టెర్మినళ్ళు ఉన్నాయి. వాటి యజమానులు ఎవరో, మనకి ఎవరు ఎంత బాకీ ఉన్నారో తెలియకుండా ముప్పై ఏళ్ళుగా సంతకాలు పెడుతూ వస్తున్నాం. ఆ సంతకాల్లో ఒకటి మాది కూడా. అక్కడి నుంచే మొదలుపెడతాం.

మూడేళ్ళ కిందటి మాట. ఊరి పేరూ వద్దు, కంపెనీ పేరూ వద్దు. ఆ రైతులు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు. ఊడ్పులై ఇరవై రోజులయింది. బావి తవ్వే చోట మడ్డినీళ్ళు నిలవచేసే గుంట గట్టు వానకి తెగింది. ఆ నీళ్ళు పంటబోదెలోకి దిగి, బోదెలోంచి చేలల్లోకి వచ్చాయి. వారంలో పదిహేను ఎకరాల పైరు ఎర్రబడి కుళ్ళిపోయింది. సాగుచేసిన వాళ్ళలో ఎక్కువమంది కౌలురైతులు. మనం వెళ్ళాం, ధర్నా చేశాం, గేటు ముందు రెండు రోజులు కూర్చున్నాం. మూడోరోజు కంపెనీ అధికారి ఒకాయన వచ్చి చాలా మర్యాదగా మాట్లాడారు. "ఎందుకండీ గొడవ, మీ ఊరికి సీఎస్ఆర్ కింద మంచినీళ్ళ ప్లాంటు పెట్టిస్తాం" అన్నారు. ఊరంతా సంబరపడింది. నిజం చెప్పాలంటే మనమూ సంబరపడ్డాం. రిబ్బన్ కత్తిరించినప్పుడు తీసిన ఫొటోలో మన సంఘం నాయకులు రెండో వరసలో నవ్వుతూ ఉంటారు.

ఆ రోజు ఒక కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. "గ్రామ సమస్యలు సామరస్యంగా పరిష్కారమైనవి" అని అందులో ఉంది. పెద్దలు పెట్టారు, మేమూ పెట్టాం. తర్వాత పంట నష్టం అర్జీ పట్టుకుని ఆఫీసుకి వెళితే ఆ కాగితమే చూపించి, "మీరే సంతకం పెట్టారు కదండీ" అన్నారు. మంచినీళ్ళ ప్లాంటుకి ఫిల్టర్లు మార్చేవాడు లేక రెండో వేసవికి తాళం పడింది. కౌలు కట్టలేక అప్పుచేసిన ఒకాయన మా మొహం మీదే అన్నాడు: "చేలో పోయింది వరండీ, మీరు తెచ్చింది నీళ్ళండీ." దానికి మా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ తర్వాతే ఈ చట్టం తెచ్చుకుని చదివాం.

సీఎస్ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్. 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కంపెనీ నికర విలువ 500 కోట్లు గానీ, ఏడాది టర్నోవరు 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటితే, గడచిన మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. మూడేళ్ళలో వరసగా 100 కోట్లు, 200 కోట్లు, 300 కోట్లు లాభం వచ్చిందనుకోండి. సగటు 200 కోట్లు. అందులో 2 శాతం, అంటే 4 కోట్లు. ఇది అమ్మకాల మీద లెక్క కాదు, మన నేలలోంచి తీసిన గ్యాసు మీదా కాదు. లాభం మీద మాత్రమే. ఈ ముక్క గుర్తుంచుకోండి, తర్వాత పని పడుతుంది.

మొదట్లో ఖర్చు చేయకపోతే ఎందుకు చేయలేదో నివేదికలో రాస్తే సరిపోయేది. 2021 జనవరి 22 నుంచి అలా కుదరదు. నడుస్తున్న ప్రాజెక్టుకి కేటాయించిన డబ్బు మిగిలితే ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో వేరే బ్యాంకు ఖాతాలో వేసి, మూడేళ్ళలో ఖర్చు పెట్టాలి. అలాంటి ప్రాజెక్టు లేకుండా మిగిలిన డబ్బును ఆరు నెలల్లో చట్టం 7వ షెడ్యూలులో చెప్పిన నిధికి, ఉదాహరణకు ప్రధానమంత్రి సహాయ నిధికి, పంపేయాలి. పంపకపోతే పంపాల్సిన మొత్తానికి రెండింతలు గానీ, కోటి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది జరిమానా. పెద్ద కంపెనీకి కోటి రూపాయలు ఏపాటి అని మీరు అడగొచ్చు. మేమూ అదే అడుగుతున్నాం.

ఇదే సెక్షన్‌లో మనకి పనికొచ్చే మాట ఒకటుంది. కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికీ, చుట్టుపక్కలకీ ప్రాధాన్యం ఇవ్వాలని. దాన్ని పట్టుకుని మన కార్యకర్తలు వేదికల మీద "రెండు శాతం మా ఊరి హక్కు" అంటున్నారు. అలా అనకండి. ఓడిపోతాం. ఆ మాట సూచన మాత్రమే గాని తప్పనిసరి కాదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులో సర్క్యులర్ ఇచ్చింది. డబ్బు ఎక్కడ పెట్టాలో నిర్ణయించేది కంపెనీ బోర్డు. గ్రామసభకి అందులో ఓటు లేదు. కలెక్టరుగారికి కూడా లేదు. బావి మామిడికుదురులో ఉండొచ్చు, బోర్డు మాత్రం ఢిల్లీలోనో ముంబైలోనో కూర్చుంటుంది.

ఇక అసలు చిక్కు ఉమ్మడి వ్యాపారాలది. చమురు, గ్యాసు, కరెంటు రంగాల్లో ఒకే కంపెనీ ఒంటరిగా చేసే పని తక్కువ. పెట్టుబడి పెద్దది, నష్టభయం పెద్దది, అందుకని నలుగురు కలుస్తారు. కలవడంలో రెండు రకాలున్నాయి. మనూళ్ళో ఇద్దరు ముగ్గురు కలిసి చెరువు పాడుకోవడం ఒకటి. పేపరు మీద వాటాలు రాసుకుంటారు, ఒకరు దగ్గరుండి చూసుకుంటారు, లాభం ఎవరి ఇంటికి వారు పట్టుకెళతారు. చెరువుకి వేరే ఖాతా ఉండదు. రెండోది, అందరూ కలిసి సొసైటీ రిజిస్టరు చేయించుకోవడం. దానికి సొంత పేరు, సొంత లెక్క, సొంత బ్యాంకు ఖాతా ఉంటాయి.

మొదటి రకానికి మన రవ్వ క్షేత్రమే ఉదాహరణ. ఉప్పలగుప్తం మండలం ఎస్.యానాంలో టెర్మినల్ ఉంది కదా, అదే. 1994లో కేంద్ర ప్రభుత్వంతో ఉత్పత్తి పంపకం ఒప్పందం కుదిరింది. అందులో ఓఎన్జీసీది 40 శాతం, వీడియోకాన్‌ది 25, కెయిర్న్‌ది 22.5, రవ్వ ఆయిల్ సింగపూర్ వాళ్ళది 12.5. క్షేత్రాన్ని నడిపేది కెయిర్న్. అది ఇప్పుడు వేదాంత కిందికి వచ్చింది. గేటు మీద కనిపించే పేరు వాటాలో మూడోవాడిది, పెద్దవాటా ఉన్నవాడి పేరు గేటు మీద లేదు. గాడిమొగ దగ్గర ఒడ్డుకి చేరే డి-6 గ్యాసు కూడా అంతే, రిలయన్స్‌కి రెండు వంతులు, బీపీకి ఒక వంతు.

ఇప్పుడు 135వ సెక్షన్ మళ్ళీ చూడండి. అది "కంపెనీ"కి వర్తిస్తుందని ఉంది. రవ్వ అనేది కంపెనీ కాదు, నలుగురి మధ్య ఒప్పందం. కాబట్టి రవ్వ క్షేత్రానికంటూ రెండు శాతం లేదు. రవ్వలో వచ్చిన లాభం నాలుగు కంపెనీల పుస్తకాల్లోకి చీలిపోతుంది. అక్కడ వాళ్ళ మిగతా వ్యాపారాల లాభనష్టాలతో కలిసిపోతుంది. వీడియోకాన్ సంగతే తీసుకోండి. 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. టీవీలు, ఫోన్ల అప్పుల్లో మునిగిన కంపెనీకి సగటు లాభం ఎక్కడిది? లాభం లేకపోతే రెండు శాతమూ లేదు. రవ్వలో చమురు వస్తూనే ఉన్నా నాలుగో వంతు వాటాకి సామాజిక బాధ్యత సున్నా అయిపోవచ్చు. విదేశీ కంపెనీకి ఇక్కడ శాఖా కార్యాలయమో ప్రాజెక్టు కార్యాలయమో ఉంటే, భారతదేశంలోని దాని లెక్కల మీద ఈ చట్టం వర్తిస్తుంది. అయితే ఆ లెక్క అడిగేవాళ్ళేరి? అందరం గేటు దగ్గరున్న ఆపరేటరునే అడుగుతున్నాం. మిగతా ముగ్గురికీ మన ఊరు ఉన్నట్టే తెలియదు.

రెండో రకం ఉమ్మడి కంపెనీ. రాయలసీమ సోదరులు ఇద్దరు వచ్చారు కాబట్టి వాళ్ళకి తెలిసినదే చెబుతాం. ఎన్.పి.కుంట, గని-శకునాల సోలార్ పార్కులు కట్టింది ఆంధ్రప్రదేశ్ సోలార్ పవర్ కార్పొరేషన్. కేంద్రం చేతిలోని సోలార్ ఎనర్జీ కార్పొరేషన్‌ది 50 శాతం, మిగతా సగం మన జెన్‌కోది, నెడ్‌క్యాప్‌ది. ఇది రిజిస్టరైన కంపెనీ కాబట్టి 135వ సెక్షన్ పరీక్ష దీనికే విడిగా పెట్టాలి. పరిమితి దాటితే రెండు శాతం దీని బోర్డే చూడాలి. దీని నుంచి తల్లికంపెనీలకు వెళ్ళే డివిడెండును, ఇది చట్టం పాటిస్తున్నంతవరకూ, వాళ్ళ లాభం లెక్కలోంచి తీసేస్తారు. ఒక లాభం మీద రెండుసార్లు అడగకూడదన్నది ఉద్దేశం, అందులో తప్పు లేదు. కాకపోతే ఏ ప్రాజెక్టుకైనా కొత్తలో అప్పులు, వడ్డీలు, తరుగుదల పోను లాభం కనపడదు. పార్కులో సొంతంగా ప్యానెళ్ళు పెట్టి కరెంటు అమ్ముకునే కంపెనీలు మళ్ళీ వేరు. వాళ్ళ లెక్క వాళ్ళదే. భూమి పోయేది మొదటి ఏడాది, గొర్రెలకి మేత పోయేది మొదటి ఏడాది, లాభం తేలేది ఎప్పుడో. ఆ మధ్యకాలంలో ఊళ్ళో గొడవ చల్లార్చడానికి ఎవరైనా "సీఎస్ఆర్ కింద చూస్తాం" అంటే, ఏ కంపెనీ, ఏ సంవత్సరపు లాభంలోంచి అని అడగండి. చాలాసార్లు అక్కడే మాట ఆగిపోతుంది.

ఇంతవరకూ వింటే ఈ చట్టం వల్ల మనకి ఒరిగేదేమీ లేదనిపిస్తుంది. అసలు బలం ఇంకో చోట ఉంది. 2014 నాటి సీఎస్ఆర్ నిబంధనలను 2021లో సవరించారు. ఏవి సీఎస్ఆర్ కావో అందులో రాశారు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని సీఎస్ఆర్ కాదు. ఉద్యోగులకి చేసేది కాదు. పార్టీలకిచ్చే చందా కాదు. సరుకు ప్రచారానికి చేసే స్పాన్సరు ఖర్చు కాదు. ఇక చివరిది: దేశంలో అమల్లో ఉన్న ఏ చట్టం ప్రకారమైనా కంపెనీ తప్పక చేయాల్సిన పనికి పెట్టే ఖర్చు సీఎస్ఆర్ కాదు.

ఈ ఒక్క వాక్యం ఆ రోజు గేటు దగ్గర మాకు తెలిసుంటే ఆ కాగితం మీద సంతకం పెట్టేవాళ్ళం కాదు. మడ్డినీళ్ళు పడి పైరు పోతే పరిహారం ఇవ్వడం చట్టబాధ్యత. గుంటకి గట్టు పటిష్టంగా వేయడం కాలుష్య నియంత్రణ బాధ్యత. పాడుచేసిన బోదె బాగుచేయడమూ అంతే. అవేవీ రెండు శాతంలో పడవు, పడకూడదు. కంపెనీ మనకి ఇవ్వాల్సిన డబ్బే దానం పేరుతో ఇచ్చి బోర్డు కట్టుకుంటే అది అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టే. ఆ ఊళ్ళో అంతకంటే అన్యాయం జరిగింది. దానం ఇచ్చి బాకీ కొట్టేశారు.

గొట్టాల సంగతీ ఇంతే. పైపులైను వేయడానికి మన భూమి కొనరు, వాడుకునే హక్కు మాత్రం తీసుకుంటారు. దానికి 1962 నాటి చట్టం ఉంది. గొట్టం వేసేటప్పుడు పంటకీ, చెట్లకీ, కట్టడాలకీ జరిగిన నష్టం ఇవ్వాలి. దానిపైన భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇవ్వాలి. ఆ తర్వాత ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, నుయ్యి తవ్వకూడదు, చెట్టు పెట్టకూడదు. కొబ్బరి రైతుకి చెట్టు పెట్టకూడదంటే అర్థమేమిటో ఈ హాల్లో వివరించక్కర్లేదు. భూమి మన పేరునే ఉంటుంది, శిస్తూ మనదే, కొబ్బరి మొక్క మాత్రం పెట్టలేం. అందుకు పది శాతం చాలదని మన సంఘం ఎప్పటి నుంచో అంటోంది. అది వేరే పోరాటం. పరిహారం తక్కువనిపిస్తే జిల్లా జడ్జిగారి దగ్గరికి వెళ్ళే దారి ఆ చట్టంలోనే ఉంది. సీఎస్ఆర్ కమ్యూనిటీ హాలు తీసుకుని ఆ దారి మూసుకోవద్దు.

పాశర్లపూడి మంటలు పెద్దవాళ్ళకి గుర్తే. 1995 జనవరి 8న మొదలై 65 రోజులు మండాయి. నగరం దుర్ఘటన 2014 జూన్ 27న. గెయిల్ గొట్టం పేలి 20 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కొబ్బరిచెట్లు నిలువునా కాలిపోయాయి. సీఎస్ఆర్ చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. ఆ గొట్టం తుప్పు పట్టకుండా చూసే ఖర్చు ఏ రోజూ సీఎస్ఆర్ కాదు. అది కంపెనీ బాధ్యత. ఊళ్ళో బెంచీలు వేయించినంత మాత్రాన ఆ బాధ్యత తగ్గదు.

విడిగా తెగిన లెక్క ఎలా ఉంటుందో మన జిల్లాలోనే చూశాం. ఓఎన్జీసీ పైపులైను పనుల వల్ల వేట ఆగిన మత్స్యకార కుటుంబాలకి 2022 మేలో మురమళ్ళ సభలో పరిహారం అందింది. నెలకి 11,500 రూపాయల చొప్పున నాలుగు నెలలకి, 23,458 కుటుంబాలకి. ఆ మొత్తం చాలా, ఎన్నాళ్ళు తిప్పించుకున్నారు అన్నది వేరే సంగతి. అది కుటుంబాల వారీగా, నెలల వారీగా, పోయిన జీవనోపాధికి కట్టిన లెక్క. మంచినీళ్ళ ప్లాంటు కాదు. మత్స్యకార సోదరులు సాధించిన ఆ పద్ధతి రైతులం మనం ఇంకా నేర్చుకోవాలి.

బొగ్గు ప్రాంతానికీ మనకీ ఒక తేడా ఉంది. సింగరేణి గనుల దగ్గర జిల్లా ఖనిజ నిధి ఉంటుంది. గని నడిపేవాళ్ళు రాయల్టీతో పాటు దానికి డబ్బు కట్టాలి. లాభం వచ్చినా రాకపోయినా కట్టాలి. అది బొగ్గుకీ ఇతర ఖనిజాలకీ ఉంది, చమురుకీ గ్యాసుకీ లేదు. ఎందుకు లేదంటే చమురు చట్టం వేరు. కోనసీమకి అలాంటి నిధి ఉండాలని అడగడమే అసలైన డిమాండ్ అని మా అభిప్రాయం. లాభం మీద ఆధారపడే రెండు శాతం కంటే తీసిన సరుకు మీద ఆధారపడే నిధి గట్టిది. రాష్ట్రస్థాయి మహాసభకి ఆ తీర్మానం పంపుతున్నాం.

ఈలోగా ఏం చేయాలి? అర్జీలు రెండు చేయండి. ఒకే కాగితంలో రెండూ కలపొద్దు. మొదటిది నష్టం అర్జీ. సర్వే నంబరు, పంట, తేదీ, ఫొటోలు, ఎంత నష్టం. ఇది తహసీల్దారుకీ, కాలుష్య నియంత్రణ మండలికీ, ఆపరేటర్ కంపెనీకీ వెళ్ళాలి. అందులో సీఎస్ఆర్ అన్న మాటే రాయొద్దు. రెండోది సీఎస్ఆర్ విజ్ఞాపన. అది ఆపరేటరుతో పాటు భాగస్వామి కంపెనీలన్నిటికీ విడివిడిగా పోవాలి. కంపెనీలు కలిసి ఒకే ప్రాజెక్టు చేపట్టడానికి నిబంధనల్లో వీలుంది, ఎవరి లెక్క వారు విడిగా చూపగలిగితే చాలు. కాబట్టి నలుగురూ నాలుగు బస్ షెల్టర్లు కట్టే బదులు కలిసి ఒక మురుగు కాలువ పూడిక తీయించమని అడగొచ్చు. బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల జాబితా కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టి తీరాలి. మన పిల్లల చేత ఫోనులో తీయించి చూడండి. మీ ఊరి పేరుతో కట్టని మరుగుదొడ్లు కనపడితే మాకు చెప్పండి. ప్రభుత్వరంగ కంపెనీ వాటాదారుగా ఉన్నచోట సమాచార హక్కు దరఖాస్తు దానికి పెట్టండి. ప్రైవేటు ఆపరేటరు జవాబు చెప్పనవసరం లేకపోవచ్చు, పక్కనున్న ప్రభుత్వ భాగస్వామి చెప్పక తప్పదు.

కట్టిన ఆస్తి ఎవరి పేరున ఉండాలన్నది కూడా నిబంధనల్లో ఉంది. కంపెనీ తన పేరున ఉంచుకోకూడదు. ప్రభుత్వ సంస్థకో, రిజిస్టరైన ట్రస్టుకో, లబ్ధిదారుల స్వయం సహాయక సంఘాలకో ఇవ్వాలి. ఇచ్చేటప్పుడే నిర్వహణ ఎవరిదో రాయించండి. ఆ మంచినీళ్ళ ప్లాంటు తాళంచెవి ఈ రోజుకీ ఎవరి దగ్గరుందో మాకు తెలియదు.

ఇంకొక మాట. కొత్త బావికి పర్యావరణ అనుమతి అంటే ప్రజాభిప్రాయ సేకరణ ఉంటుందని మీరు ఎదురుచూస్తారు. 2020 జనవరి సవరణ తర్వాత అన్వేషణ బావులకి ఆ సభ అక్కర్లేదు. ఉత్పత్తి దశకి ఉంది. ఆ సభ జరిగినప్పుడు కంపెనీ ఇచ్చిన ప్రతి హామీ మినిట్స్‌లోకి ఎక్కించాలి. హామీ అనుమతి షరతుల్లోకి చేరితే అది చట్టబాధ్యత అవుతుంది. తర్వాత దాన్నే సీఎస్ఆర్ అని చూపుకోవడం కుదరదు. సభలో గట్టిగా అరవడం కంటే మినిట్స్ చదివి సంతకం పెట్టడం ముఖ్యం. మన వాళ్ళకి అరవడం బాగా వచ్చు, చదవడం కొంచెం బద్ధకం. మాకూ అంతే.

వచ్చే నెలలో మూడు ఊళ్ళలో కంపెనీ వాళ్ళు సమావేశం పెడుతున్నారని కబురు వచ్చింది. "గ్రామాభివృద్ధి అంగీకార పత్రం" అని ముందే ఒక ఫారం పంచారు. అందులో ఐదో పేరా చూడండి. "ఇతర క్లెయిములు లేవు" అని ఉంది. ఆ పేరా కొట్టేయకుండా ఎవరూ సంతకం పెట్టొద్దు. కొట్టేయనివ్వకపోతే ఫారం తిరిగి ఇచ్చేయండి. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆ మూడు ఊళ్ళ వాళ్ళు సంఘం ఆఫీసుకి రండి. పాసుపుస్తకం నకలు తెచ్చుకోండి. కౌలురైతులు సాగుదారు హక్కు కార్డు ఉంటే తెండి. కార్డు లేకపోతే ధాన్యం అమ్మిన రసీదు, ఎరువుల బిల్లు, పక్క చేను రైతు సాక్ష్యం తెండి, దాంతోనే అర్జీ రాద్దాం. కిందటిసారి కౌలుదారు పేరు అర్జీలోనే లేదు. ఈసారి ముందు వాళ్ళ పేర్లే రాస్తాం.